సెంటు సీసా మెడ
"అంత పెద్ద దేశంలో మిషన్లు లేవా అమ్మా, చేత్తో విప్పడం దేనికి?" అని అమ్మ ఫోనులో అడిగింది. నేను పనిచేసేది వాడేసిన సెంటు సీసాలు, క్రీము డబ్బాలు, లిప్‌స్టిక్ గొట్టాలు విడదీసే షెడ్డులో. దుకాణాల్లో జనం తిరిగి ఇచ్చినవి అట్టపెట్టెల్లో మా దగ్గరికి వస్తాయి. బల్లకు అటు ముగ్గురం, ఇటు ముగ్గురం. ఆరుగురివీ ఆరు మాతృభాషలు. ఇక్కడి భాషలో నాకు మొదట వచ్చిన మాటలు ఖాళీ, మూత, గాజు.

మిషన్లు ఉన్నాయని అమ్మకు చెప్పాను. చెత్తను వేరుచేసే కేంద్రాల్లో ముందు పెద్ద జల్లెడ తిరుగుతుంది. సుమారు ఐదు సెంటీమీటర్ల కంటే చిన్నవి దాని కన్నాల్లోంచి జారిపోయి పనికిరాని చెత్తలో కలుస్తాయి. లిప్‌స్టిక్ మూత, నమూనాగా ఇచ్చే చిట్టి సీసా అక్కడే పోతాయి. జల్లెడ దాటినవాటిలో ఏది ఏ ప్లాస్టికో పరారుణ కాంతి పంపి యంత్రం గుర్తుపడుతుంది. నలుపు కోసం కలిపే కార్బన్ బ్లాక్ ఆ కాంతిని మింగేస్తుంది కాబట్టి నల్లటి మస్కారా గొట్టం పక్కనుంచి వెళ్లినా యంత్రానికి తెలియదు.

"అయితే నల్లవి నువ్వే చూడాలన్నమాట" అంది అమ్మ. నా పనిని అంత చక్కగా ఇంకెవరూ చెప్పలేదు.

అన్నిటిలోకీ ఓపిక కావలసింది సెంటు సీసాకే. పంపును సీసా మెడకు అల్యూమినియం పట్టీతో అదిమి బిగిస్తారు. తిప్పితే రాదు. పట్టీ అంచు కింద పటకారు ముక్కు దూర్చి, సీసాను కొంచెం కొంచెం తిప్పుతూ మడత విప్పాలి. తొందరపడితే మెడ పగులుతుంది. నా ఎడమ బొటనవేలి మీది మచ్చ అలా వచ్చిందే. విడిపోయాక చేతిలో ఎన్ని మిగులుతాయో చూడండి: పట్టీ, నొక్కే బటను, ప్లాస్టిక్ పంపు, దానిలో ఉక్కు స్ప్రింగు, అడుగుదాకా దిగే సన్నని గొట్టం. ఒక్క వస్తువుకు ఇన్ని పదార్థాలు! వీటన్నిటినీ కలిపి కరిగించలేం.

అడుగున మిగిలిన చుక్కలను వేరే డబ్బాలోకి వంచుతాం. వాటిలో ఎక్కువ భాగం ఆల్కహాలే. శుద్ధమైన ఆల్కహాల్ ఆవిరికి 13 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిప్పు అంటుకోగలదు. అందుకే ప్రతి బల్ల మీదా గాలిని లాగేసే గొట్టం ఉంటుంది. అయినా మొదటి నెలంతా తలనొప్పితో బాధపడ్డాను. నూరు సెంట్లు కలిసిన ఆ వాసన స్నానం చేసినా జుట్టును వదలదు.

ఇంత శ్రమ ఎందుకంటే, గాజును ఎన్నిసార్లు కరిగించినా దాని గుణం తగ్గదు. కొలిమిలో పాత గాజు పెంకులు ఎంత ఎక్కువ వేస్తే ఇంధనం అంత తక్కువ పడుతుంది. ఇక అల్యూమినియాన్ని ఖనిజం నుంచి తీయడానికి పట్టే శక్తిలో దాదాపు 5 శాతంతోనే పాతదాన్ని కరిగించవచ్చు. ఆ చిన్న పట్టీని నేలమీద పడనివ్వను.

నాకు కోపం తెప్పించేవి కొన్ని లిప్‌స్టిక్ గొట్టాలు. చేతికి బరువుగా తగిలితే ఖరీదైనదనిపిస్తుందని వాటి అడుగున ఒక లోహపు ముక్క దాచి అతికిస్తారు. రంగుతో దానికి పనిలేదు, పెదవితో అసలే లేదు. దాన్ని పెకలించే సమయంలో పది మామూలు గొట్టాలు విప్పవచ్చు. అద్దాన్ని జిగురుతో అతికించిన పౌడరు డబ్బాలూ అంతే. వీటి రూపం గీసినవారు ఒక్క పూట మా బల్ల దగ్గర కూర్చుంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

మరమెడ సీసాలు ఇప్పుడు కొన్ని వస్తున్నాయి. పంపు విప్పి మళ్లీ నింపుకోవచ్చు. మొదటిది మా బల్లకు చేరిన రోజు నాకు బాగా గుర్తు. ఎదురుగా కూర్చునే పెద్దావిడను ఆమె భాషలో అక్కను పిలిచే మాటతోనే పిలుస్తాను. అలవాటుగా పటకారు అందుకున్న ఆమె, మెడను చూసి పక్కన పెట్టేసింది. వేళ్లతో రెండుసార్లు తిప్పగానే పంపు చేతిలోకి వచ్చింది. ఏమీ అనకుండా మళ్లీ బిగించి నాకు అందించింది. నేనూ విప్పి, బిగించి, పక్కవారికి ఇచ్చాను. ఆ సీసా బల్ల చుట్టూ ఆరుగురి చేతులూ తిరిగి వచ్చాకే గాజు డబ్బాలో పడింది.