చివరి రెండు ముద్దలు

ఈ రోజు మధ్యాహ్నం తాగిన నీళ్ళు ముక్కులోంచి వచ్చాయి. దాదాపు రెండు నెలల తర్వాత మళ్ళీ ఇలా. పొలమారలేదు, దగ్గు రాలేదు, నొప్పి కూడా లేదు. గుటక వేశాను, కొన్ని లోపలికి పోయాయి, మిగతావి ముక్కు వెంట కారాయి. ఎదురుగా కూర్చున్న అక్క టవల్ అందించి, ఏమీ అడగకుండా నా ముఖం చూస్తూ ఉండిపోయింది. పొరపాటు ఎక్కడ జరిగిందో నాకు తెలుసు. అందుకే పడుకునే ముందు రాసి పెట్టుకుంటున్నాను.

పొద్దున బాగానే గడిచింది. లేవగానే పిరిడోస్టిగ్మిన్ మాత్ర వేసుకున్నాను. కండరాలు వాడేకొద్దీ బలం తగ్గిపోయే జబ్బు, మయస్థీనియా గ్రేవిస్, వచ్చిన దగ్గర్నుంచి నా రోజంతా ఈ మాత్ర చుట్టూనే తిరుగుతోంది. వేసుకున్న అరగంటకో ముప్పావు గంటకో పని మొదలుపెడుతుంది, మూడు నాలుగు గంటలు ఉంటుంది. కాబట్టి తినే టైముకి ముప్పావు గంట ముందే వేసుకోవాలి. కష్టమల్లా, మింగే బలం ఇచ్చే ఆ మాత్రని బలం లేని గొంతుతోనే మింగాలి. మొదట్లో అది నాలుక మొదట్లో అతుక్కుపోయి అక్కడే కరిగేది. ఆ చేదు గొంతంతా పాకేది. ఇప్పుడు చెంచాడు చిక్కటి గుజ్జులో పెట్టుకుని మింగుతున్నాను. నీళ్ళకంటే అదే నయం.

పదకొండున్నర ప్రాంతంలో పాత స్నేహితురాలు ఫోన్ చేసింది. చాలా కాలమైంది మాట్లాడుకుని. గంట ఎలా గడిచిందో తెలియలేదు. చివర్లో తను "జలుబు చేసిందా ఏమిటే, ముక్కుతో మాట్లాడుతున్నావు?" అంది. అక్కడే ఆగిపోవాల్సింది. మాట్లాడేటప్పుడు ముక్కు దారిని మూసేది మెత్తటి అంగిలే. మింగేటప్పుడు మూసేదీ అదే. అది అలిసిపోతే మాట ముక్కులోకి జారుతుంది. ఆ వెంటనే తాగితే నీళ్ళూ అటే వస్తాయి. నాకు తెలియని విషయం కాదు. కానీ తను నవ్విస్తోంది, నాకు ఫోన్ పెట్టబుద్ధి కాలేదు.

భోజనానికి కూర్చునేసరికి ఒంటిగంట దాటింది, మాత్ర బలం తగ్గే వేళ. మొదటి పది ముద్దలు చక్కగా దిగాయి. తర్వాత దవడ బరువెక్కింది. ఎడమచేత్తో గడ్డం కింద ఆనించి పట్టుకుని నమిలాను. ఆ తర్వాత ఒక్కో ముద్దకి రెండేసి గుటకలు, చివరికి మూడు. చివరి రెండు ముద్దల దగ్గర గొంతులో ఏదో నిలిచినట్టు అనిపించి నీళ్ళు తాగాను. అదే పొరపాటు. గొంతులో అడ్డం పడితే నీళ్ళు తాగమంటారు అందరూ. నా గొంతుకి నీళ్ళే అన్నిటికంటే కష్టం. ముద్ద నెమ్మదిగా జారుతుంది, అంగిలి లేవడానికి, శ్వాసనాళం మూసుకోవడానికి కాస్త వ్యవధి ఇస్తుంది. నీళ్ళు అంతసేపు ఆగవు.

మొదటి ముద్దకీ చివరి ముద్దకీ ఉండే ఈ తేడానే నేను ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. జబ్బు బయటపడక ముందు ఒక డాక్టరు గొంతులోకి కెమెరా పెట్టి చూసి అంతా బాగుందన్నారు. పొద్దున్నే, ఏమీ తినకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళాను మరి. గొంతు నిర్మాణంలో లోపం నిజంగానే లేదు. టెన్షన్ తగ్గించుకోమని చెప్పి పంపేశారు. ఇంటికొచ్చి ఆ రాత్రి భోజనం సగంలో వదిలేసి ఏడ్చాను. ఎన్నో నెలల తర్వాత ఇంకొకరు "రోజులో ఏ వేళకి ఎక్కువవుతుంది? తినడం మొదలుపెట్టినప్పుడా, ముగించేటప్పుడా?" అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

తర్వాత బేరియం కలిపిన ముద్దలు తినిపిస్తూ ఎక్స్‌రేలో కదిలే బొమ్మలా చూశారు. మింగడంలో ఇబ్బందులు కూడా చూసే స్పీచ్ థెరపిస్ట్ పట్టుబట్టి దాన్ని సాయంత్రానికి పెట్టించారు, నేను అలిసిపోయాక. తెర మీద నాకూ చూపించారు. నాలుక మొదలుకీ కొండనాలుక కింది వైపున ఉండే గొంతు మూతకీ మధ్య చిన్న గుంట ఉంటుంది. మొదటి గుటకల్లో అది ఖాళీగానే ఉంది. పోను పోను అందులో ముద్ద మిగిలిపోతూ వచ్చింది. నాకు "నిలిచినట్టు" అనిపించేది ఉత్త అనిపించడం కాదని ఆ రోజు కళ్ళారా చూశాను.

కారణం కూడా ఆవిడే విడమరిచి చెప్పారు. కండరం కదలాలంటే నరం చివర అసిటైల్‌కోలిన్ అనే రసాయనం వదలాలి, కండరం మీది గ్రాహకాలు దాన్ని అందుకోవాలి. వెంటవెంటనే పనిచేస్తే నరం వదిలే మోతాదు కాస్త తగ్గడం అందరిలోనూ ఉండేదే. మిగతావాళ్ళకి గ్రాహకాలు పుష్కలం కాబట్టి ఆ తగ్గుదల తెలియదు. నా గ్రాహకాలను నా ఒంట్లోని యాంటీబాడీలే దెబ్బతీశాయి. మొదటి పది ముద్దలకి సరిపోయింది పదిహేనో ముద్దకి సరిపోదు. మాత్ర చేసేది, వదిలిన అసిటైల్‌కోలిన్ త్వరగా విరిగిపోకుండా చూడడం. 1934లో ఇంగ్లండులో మేరీ వాకర్ అనే డాక్టరు ఇదే తీరుగా పనిచేసే ఫైసోస్టిగ్మిన్ అనే మందును ఇదే జబ్బున్న ఒక రోగికి ఇచ్చి చూశారు. వాలిపోయిన రెప్ప లేచింది, మింగడం కూడా మెరుగైంది. నాకు ఎవరో తెలియని ఆ రోగి ఆ రోజు మొదటిసారి సుఖంగా మింగిన గుటక ఎలా ఉండి ఉంటుందో నేను చాలాసార్లు ఊహించుకుంటాను.

మధ్యాహ్నం ముక్కు తుడుచుకున్నాక "ఆ..." అని గొంతు సాగదీసి చూసుకున్నాను. గొంతు తడితడిగా, గరగరలాడుతూ వినిపిస్తే నీళ్ళు స్వరతంతువుల మీద నిలిచాయని అర్థం. దగ్గు రాలేదు కదా అని ధైర్యపడకూడదు, కొన్నిసార్లు ఏ అలికిడీ లేకుండానే ఊపిరితిత్తుల వైపు పోతాయి. ఈ రోజు గొంతు పొడిగానే ఉంది. ఒక్క ఊపిరిలో ముప్ఫై ఆరు దాకా లెక్కపెట్టాను, మామూలుగా నేను వెళ్ళేది అక్కడిదాకే. మింగడం కష్టమవుతూ ఈ లెక్క కూడా పడిపోతుంటే మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళిపోవాలని మా ఇంట్లో గట్టి నియమం. అక్క పక్కన నిలబడి నాతో పాటు వేళ్ళ మీద లెక్కపెట్టింది.

ఆ తర్వాతే నోరు విప్పింది. "ఇంకో రెండు ముద్దలేగా, తినేస్తే అయిపోయేదని నేనే అన్నాను ఇందాక."

"ఆ రెండే కష్టమక్కా," అన్నాను.

ఇన్నాళ్ళూ నేను కంచంలో వదిలేస్తుంటే రుచించలేదేమో అనుకునేదట. మొదట్లో అంత బాగా తిన్న మనిషి చివర్లో ఎందుకు ఆగిపోతుందో తనకి ఎలా తెలుస్తుంది? చెప్పాల్సింది నేను. చెబితే భయపడుతుందని దాచాను. దాచినందుకే తను బలవంతం చేసింది, నేను కాదనలేక తిన్నాను.

రాత్రికి ఏడింటికే మాత్ర వేసుకుని, ముప్పావు గంట టీవీ కూడా పెట్టకుండా మౌనంగా కూర్చున్నాను. అక్క కంచంలో తక్కువ వడ్డించింది, మిగతాది రెండు గంటలాగి తినొచ్చని విడిగా మూతపెట్టింది. మధ్యలో నన్ను మాట్లాడించలేదు. అన్ని ముద్దలూ ఒక్కో గుటకతోనే దిగాయి.

ఇప్పుడు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని పక్కకి తిరిగి పడుకున్నాను. వెల్లకిలా ఉంటే ఉమ్ము గొంతులో చేరి, మింగడానికే మెలకువ వచ్చేస్తుంది. ఇందాకే స్నేహితురాలికి మెసేజ్ పెట్టాను: "ఈసారి భోజనమయ్యాక కాసేపాగి చెయ్యి. నువ్వే ఎక్కువ మాట్లాడు. నా మాట ముక్కులోంచి వస్తోందనిపిస్తే మొహమాటపడకుండా ఫోన్ పెట్టేయమని చెప్పు."

వెంటనే జవాబొచ్చింది. "సరే. రేపు మూడింటికి."