ఫిట్టు, ఫిటప్పు, ఫిట్సు

సౌదీ అరేబియా తూర్పు తీరంలోని జుబైల్ పారిశ్రామిక నగరానికి పైపుల పనికి వచ్చే తెలుగువారిలో చాలామందికి ఇంగ్లీషు అంతగా రాదు. క్యాంపు హిందీతోనూ, అవసరానికి నేర్చిన నాలుగు అరబ్బీ మాటలతోనూ రోజులు గడిచిపోతాయి. అయినా ‘ఫిట్’ అనే ఇంగ్లీషు మాట మాత్రం వాళ్ళు ఇల్లు విడవకముందే వాళ్ళ జీవితంలోకి వచ్చి, చివరిదాకా వదలకుండా వెంట ఉంటుంది. పైపింగ్ తనిఖీ ఉద్యోగంలో ఉన్న నేను రోజూ సంతకం చేసే కాగితాల మీదా అదే మాట. దాని అర్థం చోటును బట్టి మారడం ఒక ఎత్తయితే, ఆ మాట అనే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది చోటును బట్టి మారడం మరొక ఎత్తు.

మొదట ఎదురయ్యేది మెడికల్. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు గల్ఫ్ ప్రయాణం పెట్టుకున్న కుర్రవాడు కనిపిస్తే “మెడికల్ అయిందా తమ్మీ, ఫిట్ వచ్చిందా?” అని అడగని వాళ్ళుండరు. గల్ఫ్ దేశాలు గుర్తించిన పరీక్షా కేంద్రాల వ్యవస్థకు ఇప్పుడు వాఫిద్ అని పేరు మారినా, జనం నోట అది ఇంకా గామ్కాయే. అక్కడ రక్తం తీసి హెచ్‌ఐవీ, హెపటైటిస్ వంటివి ఉన్నాయేమో చూస్తారు; క్షయ కోసం ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. ఈ ఫిట్టుకూ ఒంట్లోని బలానికీ సంబంధం లేదు. యాభై కిలోల బస్తాను భుజాన వేసుకొని మూడంతస్తులు ఎక్కగలవాడికి, ఎప్పుడో వచ్చి పూర్తిగా నయమైన క్షయ తాలూకు మచ్చ ఎక్స్‌రేలో కనిపించిందంటే చాలు, దారి మూసుకుపోతుంది. అప్పటికే నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన సొమ్ములో కొంత ఏజెంటు చేతిలో పడి ఉంటుంది. “అన్‌ఫిట్ కొట్టిండ్రు” అంటారు, కొట్టింది ముద్రే. సౌదీ చేరాక ఇఖామా, అంటే నివాస అనుమతి కార్డు, చేతికి రావాలంటే మరోసారి పరీక్ష తప్పదు, అందులో తప్పితే తిరుగు విమానమే. అంటువ్యాధిని గడప దగ్గరే ఆపుకొనే హక్కు ఏ దేశానికైనా ఉంటుంది, కాదనను. కానీ ఉన్న రోగానికీ మానిన రోగానికీ తేడా చూడని పరీక్షను వైద్యం అనడం కంటే వడపోత అనడమే సబబని నా అభిప్రాయం.

ఆ వడపోత దాటి సైటుకు వచ్చినవాడికి అదే మాట వృత్తి పేరై ఎదురవుతుంది. ఐటీఐలో రెండేళ్ళ ఫిట్టర్ ట్రేడ్ చేసినవాడు నేర్చుకొని వచ్చేది ఆకురాయి పట్టి ఇనుప ముక్కను చదునుగా అరగదీయడం, ఒకదానిలో ఒకటి ఇమిడే జతలు తయారుచేయడం. రంధ్రంలో కడ్డీ వదులుగా తిరిగితే క్లియరెన్స్ ఫిట్, కొట్టి దించవలసి వస్తే ఇంటర్‌ఫియరెన్స్ ఫిట్, రెంటికీ నడుమది ట్రాన్సిషన్ ఫిట్ అని అక్కడ వల్లె వేయిస్తారు. జుబైల్‌లో ఫిట్టర్ అంటే సాధారణంగా పైప్ ఫిట్టర్. ఈ తేడాను ఏజెంటు చెప్పడు, వీసా మీద ఉన్న అరబ్బీ అక్షరాలు చదవడం మనవాడికి రాదు. అందువల్ల మొదటి నెలల్లో చదువుకున్న ఫిట్టర్ చేయి నెమ్మదిగానూ, ఊళ్ళో బడి మానేసి హెల్పరుగా వచ్చి పని పట్టుకున్నవాడి చేయి చురుగ్గానూ ఆడుతుండడం ఇక్కడ కొత్త సంగతి కాదు.

పైప్ ఫిట్టర్ చేసే అసలు పని ఫిటప్. రెండు పైపుల అంచులను ముప్పైఏడున్నర డిగ్రీల వాలుగా చెక్కి ఎదురెదురుగా నిలిపి, నడుమ సుమారు 3 మిల్లీమీటర్ల సందు చుట్టూ ఒకేలా ఉండేట్టు కుదిర్చి, వెల్డరు వచ్చేలోగా అవి కదలకుండా అక్కడక్కడా టాక్, అంటే చిన్న వెల్డింగ్ చుక్క, వేయించడం. చెప్పడానికి ఇంతే. సందు కొలవడానికి గేజి కోసం ఎవరూ వెతుక్కోరు, 3.2 మిల్లీమీటర్ల వెల్డింగ్ తీగను వంచి సందులో దూర్చి, అది బిగువుగా కదిలితే సరిపోయిందంటారు. లోపలి అంచుల్లో ఒకటి పైకి, ఒకటి కిందికి ఉండే తేడా మా దగ్గర సాధారణంగా 1.5 మిల్లీమీటర్లు దాటకూడదు. అది దాటితే వెల్డింగ్ పైకి ఎంత అందంగా కనిపించినా వెల్డింగుకు తీసే ఎక్స్‌రే, అంటే రేడియోగ్రఫీ ఫిల్ములో లోపం బయటపడుతుంది, కోసి మళ్ళీ మొదలు పెట్టాలి. వీటికి తోడు ఎండ ఉంది. 12 మీటర్ల ఉక్కు పైపు 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 4 మిల్లీమీటర్లు సాగుతుంది. రెండు వైపులా బిగిసి ఉన్న లైనులో ఆఖరి ముక్క కలిపేటప్పుడు తెల్లవారుజామున సరిగ్గా కుదిర్చిన సందు మధ్యాహ్నానికి మూసుకుపోయేది అందుకే. ఉష్ణ వ్యాకోచం అనే మాట విననివాడు కూడా పైపు మీద అరచెయ్యి ఆనించి “ఇప్పుడొద్దు సారూ, పొద్దుగాల కలుపుదాం” అంటాడు. అతని మాట విని ఆ రోజుకు ఫిటప్ తనిఖీ వాయిదా వేయడం నాకు అలవాటు. ఇంత పని తెలిసిన చేతికి నేను పెట్టే సంతకం కింద అతని పేరుండదు, జాయింటు నంబరు, వెల్డరు నంబరు ఉంటాయి. మంచి వెల్డింగుకు సగం కారణమైనవాణ్ణి కాగితం గుర్తించకపోవడం ఈ రంగంలో నాకు ఎప్పుడూ మింగుడుపడని సంగతి.

ఫిట్టింగులంటే పైపును మలుపు తిప్పే ఎల్బో, పక్కకు చీల్చే టీ, సన్నం చేసే రెడ్యూసర్ వంటి సరుకు. స్టోరుకు పంపిన కొత్త హెల్పరు ‘టీ’ తెమ్మంటే ఫ్లాస్కుతో తిరిగి రావడం ప్రతి ప్రాజెక్టులోనూ చెప్పుకొనే కథ. నిజంగా జరిగిందో లేదో ఎవరూ విచారించరు. ఇక ఇద్దరి మధ్య ఫిట్టింగులు పెట్టేవాళ్ళకు క్యాంపులో కొరత లేదని తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు.

విషవాయువు ఉండే యూనిట్లలోకి వెళ్ళాలంటే మాస్కు ఫిట్ టెస్ట్ ఉంటుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిపాటిగా ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది, మోతాదు పెరిగితే ముక్కుకు వాసనే తెలియకుండా పోతుంది. కాబట్టి ముక్కును నమ్ముకోవడం కుదరదు. పరీక్షలో మాస్కు తొడిగిన తలకు ముసుగు వేసి, తీపి లేదా చేదు ద్రావణాన్ని లోపలికి చిమ్ముతారు. నాలుకకు రుచి తగిలిందంటే మాస్కు అంచు ముఖానికి అతుకుకోలేదన్నమాట. గడ్డం ఉంటే అతుకుకోదు. వేములవాడ రాజన్న మొక్కు తీరేదాకా గడ్డం తీయనని పట్టుబట్టిన ఒక కుర్రవాడు పరీక్ష గది నుంచి బయటికి వచ్చి “అన్నా, డాక్టరేమో నేను ఫిట్టన్నడు, మాస్కేమో ఫిట్టు గాలేదంటున్నరు, ఇప్పుడు నేను ఫిట్టా కాదా?” అని అడిగాడు. సేఫ్టీ వాళ్ళు అతనికి ఆ యూనిట్ తప్పించి బయటి వర్క్‌షాపులో పని చూపించారు, ఓవర్‌టైం మాత్రం పోయింది.

సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా నేరుగా ఎండలో పని చేయించడం నిషేధం. కానీ సముద్రపు ఉక్క పొద్దున్నే మొదలవుతుంది. అలాంటి ఒక ఆగస్టు ఉదయం తోటి పనివాడొకడు పడిపోయి కాళ్ళు చేతులు కొట్టుకోసాగాడు. “ఫిట్సొచ్చినయ్” అంటూ మనవాళ్ళు అతని పిడికిట్లో తాళాల గుత్తి పెట్టబోయారు. క్లినిక్‌లో నర్సుగా పనిచేసే మలయాళీ బ్రదర్ పరుగున వచ్చి గుత్తి లాగేసి, అతన్ని పక్కకు తిప్పి, తడిగుడ్డలు కప్పించాడు. వడదెబ్బ ముదిరితే మూర్ఛ రావచ్చునని అక్కడున్న మాలో ఎవరికీ తెలియదు. కోలుకున్నాక క్లినిక్ ఇచ్చిన చీటీలో ‘డ్యూటీకి ఫిట్, ఎత్తు మీద పనికి కాదు’ అని రాసి ఉంది. చీటీ చదివి వినిపిస్తే అతని రూమ్మేటు “ఫిట్సొచ్చినోనికి ఫిట్ ఎట్లిస్తరు సారూ” అని నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఎత్తు మీద పని చేసేవారికి బీపీ చూసి ఆ రోజుకు ఫిట్ అనో కాదనో చెప్పే పద్ధతి చాలా సైట్లలో ఉంది. అందుకే బీపీ ఉన్న పెద్దవాళ్ళు ఆ పొద్దున టీ మానేసి, మెట్ల దగ్గర నిదానంగా నడుస్తారు.

ఇక ఉద్యోగం ముగించుకొని ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి పోయేవాడి కాగితాలు. మొదటి ఐదేళ్ళకు ఏడాదికి అరనెల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం చొప్పున సర్వీసు సొమ్ము లెక్క గడతారు. పనిముట్లు అప్పగించిన రసీదు, అప్పులేమీ లేవన్న సంతకం తీసుకుంటారు. మెడికల్ మాత్రం నేను చూసిన చోట్ల ఉండదు. గ్రైండర్ల హోరులో చెవులు ఏమయ్యాయో, వెల్డింగ్ పొగలో ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో చూడమని ఎవరూ అడగగా నేను వినలేదు. కంపెనీ క్లినిక్‌లో ఏటా చేసే పరీక్షల ఫలితాలు ఫైల్లోనే ఉంటాయి, అడగకపోతే చేతికి రావు. వినికిడి పరీక్ష కాగితమూ, ఎక్స్‌రే కాపీయూ అడిగి తీసుకొని, పాస్‌పోర్టుతో పాటే దాచుకొమ్మని వెళ్ళేవారికి చెబుతుంటాను. కొన్ని చోట్ల ఇస్తారు, కొన్ని చోట్ల హెడ్డాఫీసుకు రాయమంటారు.