పిడికెడు పుట్టమన్ను

మొన్న బంధువుల పెళ్లిలో పాలికల్ని, అదే, నవధాన్యాలు మొలకెత్తించే మట్టి మూకుళ్లని చూసి ప్రాణం ఉసూరుమంది. అయ్యవారు మంత్రం చెప్పి నవధాన్యాలు చల్లించారు, ఫొటో అబ్బాయి "ఇంకొక్కసారి చల్లండమ్మా" అంటే ముత్తైదువలు మళ్లీ చల్లారు, అంతే. మరుసటి రోజు తాళి కట్టే వేళకు ఆ మట్టి మూకుళ్లు బల్ల కింద, చెప్పుల పక్కన పడున్నాయి. వాటికి చుక్క నీళ్లు పోసినవాళ్లు లేరు.

తిరుపతిలో ఉండే మనమే ఇట్లా చేస్తే ఎట్లా? గరుడసేవకైతే పొద్దున్నించే గ్యాలరీల్లో చోటు పట్టుకుని కూర్చుంటాం, బ్రహ్మోత్సవాలకు ముందురోజు జరిగే అంకురార్పణ మాత్రం మనకు గుర్తే ఉండదు. విష్వక్సేనులవారు, స్వామి సేనాధిపతి, మాడవీధుల్లో ఊరేగి వసంత మండపం దగ్గరికి వెళ్లేది దేనికి? మట్టికి. భూదేవికి పూజ చేసి, ఆ మట్టి తెచ్చి, యాగశాలలో పాలికల్లో నింపి తొమ్మిది రకాల గింజలు వేస్తారు. 9 రోజుల వైభవమంతా ఆ పిడికెడు పుట్టమన్నుతోనే మొదలు.

అదీ రాత్రిపూట. ఓషధులకు చంద్రుడు అధిపతి కదా. అన్నం ముందు కూర్చుని "అహం వైశ్వానరో" అంటాం, దానికి సరిగ్గా ముందున్న శ్లోకం (భగవద్గీత 15వ అధ్యాయం, 13) ఎంతమంది చదువుతారో గానీ నాకు అదంటే ప్రాణం.

గామావిశ్య చ భూతాని ధారయామ్యహమోజసా
పుష్ణామి చౌషధీః సర్వాః సోమో భూత్వా రసాత్మకః

చంద్రుడై, రసమై మొక్కల్ని పోషిస్తానన్నాడు కృష్ణుడు, సరే. నేను ఆగిపోయేది మొదటి మాట దగ్గరే. గామావిశ్య. భూమిలోకి ప్రవేశించి. అంటే మనం గింజ వేసేసరికే ఆయన మట్టిలో ఉన్నాడు! ఇంక మనకెందుకు టెన్షన్?

ఇది నాకు తెలిసొచ్చింది తులసి దగ్గర. పోయినేడు మిద్దె మీద కుండీలో, ఎండిన వెన్నులు నలిపి గింజలు వేశాను. ఆవగింజకన్నా చిన్నవి, వాటిని వేలెడు లోతున పూడ్చాను. రోజూ పొద్దున్నే అగ్గిపుల్లతో కెలికి చూడటం. రెండు వారాలైనా ఏమీ లేదు. మా అవ్వ చూసి, "గడియకోసారి మూత తీస్తే అన్నం ఉడుకుతుందామ్మే?" అంది.

రెండోసారి పైపైన చల్లి, జల్లించిన మట్టి పలచగా రాల్చి, చేత్తో నీళ్లు చిలకరించి వదిలేశాను. వదిలేశాననేది అబద్ధం, చూస్తూనే ఉన్నాను, కెలకలేదంతే. పదకొండో రోజు రెండు పచ్చటి చుక్కలు. కళ్లద్దాలు పెట్టుకుని వంగితే తప్ప కనబడవు, ఒక్కోదానికి రెండేసి బుల్లి ఆకులు. ముక్కు దగ్గర పెట్టుకుంటే తులసి వాసనే లేదు. ఆ వాసన రావడానికి ఇంకా కొన్ని ఆకులు తొడగాలి పాపం. ఎందుకో ఏడుపొచ్చింది.

అమ్మా, ఇంట్లో పెళ్లయితే పాలికల బాధ్యత ఒకరికి అప్పగించండి. పూటకింత నీళ్లు, పాలు చిలకరించండి. మొలిచాక పారే నీళ్లలో కలపండి, చెత్తబుట్టలో కాదు.

ఆ పెళ్లి పాలికలు అయిదూ ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చేశాను. పెసలు, అలసందలు మూడో రోజుకే తలెత్తాయి. నువ్వులు ఇంకా రాలేదు. రాత్రి నీళ్లు చల్లి కిందికి దిగాను.