ఆకుపచ్చ ఈకల్లో నలుపు: గింజలు మాన్పించిన నా అనుభవం

గ్రీన్ చీక్ కొన్యూర్ అనే చిన్న విదేశీ చిలుక వీపు మీద, రెక్క మడతల మీద ఈకల అంచులు మసి పూసినట్టు నల్లబడితే చాలామంది మొదట అడిగేది "ఏ విటమిన్ చుక్కలు వేయాలి?" అని. చుక్కలతో పోయే నలుపు కాదది. గిన్నెలో తిండి మారాలి. మా ఇంటికి వచ్చేనాటికే రెండేళ్లుగా పొద్దుతిరుగుడు గింజలే తింటున్న పక్షిని పెల్లెట్లకు (పోషకాలు కలిపి చేసిన గుళికల తిండి), కూరగాయలకు ఎలా మార్చానో రాస్తున్నాను. కాకటీల్, లవ్ బర్డ్, సన్ కొన్యూర్ పెంచేవాళ్లకూ ఇదే వరస. అంకెలు మాత్రం పక్షి బరువును బట్టి మార్చుకోవాలి.

ముందు ఈక సంగతి. చిలుకల ఈకలో ఆకుపచ్చ రంగు పదార్థమంటూ విడిగా ఉండదు. పైపొరలో సిట్టకోఫల్విన్ అనే పసుపు పదార్థం, దాని కింద నీలి వెలుగును వెనక్కి చిమ్మే గుల్ల కెరటిన్ పొర, అడుగున నల్లటి మెలనిన్ ఉంటాయి. పసుపు, నీలం కలిసి మన కంటికి పచ్చగా కనిపిస్తాయి. మధ్యలో ఉన్న గుల్ల పొర సరిగ్గా ఏర్పడకపోయినా, తర్వాత దెబ్బతిన్నా అడుగున ఉన్న మెలనిన్ బయటపడి ఈక నల్లగా కనిపిస్తుంది. మెలనిన్ లోపిస్తే అదే పచ్చ పసుపుగా మారుతుంది. ఇంకో మాట. క్యారెట్ తింటే ఎర్ర ఈకలు మెరుస్తాయన్నది ఫ్లెమింగోల విషయంలో నిజం, చిలుకల విషయంలో కాదు. ఫ్లెమింగోకు రంగు తిండి నుంచి వస్తుంది. చిలుక తన ఎరుపు, పసుపు రంగులను తనే తయారుచేసుకుంటుంది. క్యారెట్ పెట్టేది విటమిన్ ఎ కోసం.

పెరిగి గట్టిపడిన ఈకలో ప్రాణం ఉండదు. అది మొలిచిన రోజుల్లో ఒంట్లో ఏం జరిగిందో ఆ ఈక చెబుతుంది, ఇవాళ్టి సంగతి చెప్పదు. కాబట్టి తిండి మార్చిన నెలకే నలుపు పోలేదని దిగులు పడనక్కర్లేదు. ఆ ఈక రాలి కొత్తది రావాల్సిందే.

నలుపు కనిపించగానే తిండి మీదికి నెట్టేయకూడదు కూడా. మనం రోజూ నిమిరే తల, వీపు మీద మాత్రమే ఉంటే అది చేతి జిడ్డు కావచ్చు. క్రీము, కొబ్బరినూనె రాసుకున్న చేతులతో పట్టుకుంటే ఈక నూనె పీల్చి ముదురుగా కనిపిస్తుంది. ఈకల కొసలు మాత్రమే నల్లబడి అరిగినట్టుంటే అవి పాత ఈకలు, రాలే కాలం దగ్గరపడింది. రొమ్ము, రెక్కలు, వీపు అన్నిచోట్లా మచ్చలుగా ఉండి, ముక్కు పొడుగ్గా పెరిగి పొలుసులు ఊడుతుంటే మాత్రం కాలేయాన్ని అనుమానించాలి. రాలిన తోక ఈకను కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. ఈకకు అడ్డంగా సన్నటి పారదర్శక గీతలు కనిపిస్తే, ఈక పెరుగుతున్నప్పుడు పోషణ తగ్గిందో, జబ్బు చేసిందో, బెదిరిందో అన్నమాట. ఆ గీతల దగ్గరే ఈక విరుగుతుంది.

పక్షుల వైద్యం తెలిసిన డాక్టరు దగ్గర ముందు చూడాల్సింది నోరు. అంగిట్లోని చీలికకు రెండు పక్కలా చిన్న చిన్న ముళ్లు ఉంటాయి. విటమిన్ ఎ తక్కువైతే అవి మొద్దుబారిపోతాయి, నోట్లో తెల్లటి గడ్డలు కూడా రావచ్చు. మా పక్షికి ముళ్లు మొద్దుబారాయి, గడ్డలు లేవు. తర్వాత రక్తం. పక్షి బరువులో ఒక శాతం కంటే ఎక్కువ తీయకూడదు. 70 గ్రాముల పక్షికి 0.7 మి.లీ. దాటకూడదన్నమాట. అడగాల్సినవి బైల్ యాసిడ్స్ (కాలేయం పనితీరుకు), ఏఎస్‌టీ (కాలేయంలో, కండరంలో ఉండే ఎంజైమ్), సీకే (కండరపు ఎంజైమ్), యూరిక్ యాసిడ్ (మూత్రపిండాలకు). ఏఎస్‌టీ కండరం దెబ్బతిన్నా పెరుగుతుంది కాబట్టి పక్కన సీకే లేకపోతే ఆ అంకెతో ఉపయోగం తక్కువ. చిలుకల ముక్కును, ఈకలను పాడుచేసే అంటుజబ్బు పీబీఎఫ్‌డీ వైరస్‌కు పీసీఆర్ పరీక్ష తప్పనిసరి. ఈక రంగు, ఆకారం రెండూ చెడుతుంటే, ఇంట్లో ఇంకో చిలుక ఉంటే, దీన్ని అస్సలు వాయిదా వేయొద్దు. మాకు వైరస్ లేదని తేలింది, బైల్ యాసిడ్స్ ఎక్కువగా వచ్చాయి. గింజల తిండితో కాలేయంలో కొవ్వు చేరిన పక్షుల్లో తరచూ కనిపించేదే ఇది. పొద్దుతిరుగుడు పప్పులో దాదాపు సగం కొవ్వే. విటమిన్ ఎ, కాల్షియం అందులో లేనట్టే లెక్క.

ఇక అసలు పని. దీనికి కావాల్సిన మొదటి వస్తువు పెల్లెట్ల ప్యాకెట్ కాదు, 0.1 గ్రాము వరకు చూపించే చిన్న తూకం. దాని మీద ఒక కర్ర నిలబెట్టి, సున్నా చేసి, పొద్దున్నే మొదటి పెద్ద రెట్ట వేశాక, తిండి పెట్టకముందు తూచాలి. తిండి మార్చడానికి ముందు ఒక వారం తూచి సగటు తీసుకోవాలి. గ్రీన్ చీక్ మామూలుగా 60 నుంచి 80 గ్రాములు ఉంటుంది. మా లెక్క 72 దగ్గర మొదలైంది. పదో వంతు తగ్గితే ప్రమాదం. నేను మాత్రం 5 గ్రాములు తగ్గగానే ఆపి, పాత తిండికి వెనక్కి వెళ్లాలని గీత గీసుకున్నాను. చిన్న పక్షి ఒక్క రోజు పస్తున్నా తట్టుకోలేదు. "ఆకలేస్తే అదే తింటుంది" అన్న మాట చిలుకల దగ్గర చెల్లదు, పెల్లెట్‌ను అది తిండిగా గుర్తించకపోతే నిండు గిన్నె ముందే చచ్చిపోతుంది.

మొదట పొద్దుతిరుగుడు తీసేసి కొర్రలు, సజ్జలు, ఊదలు పెట్టాను. ఇవీ గింజలే, కానీ కొవ్వు చాలా తక్కువ, పక్షికి అలవాటైన ఆకారమే. అందుకే ఈ మార్పు గొడవ లేకుండా జరుగుతుంది. తర్వాత రోజంతా గిన్నె ఉంచడం మానేసి వేళలు పెట్టాను. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట గింజలు, మధ్యలో పెల్లెట్లు మాత్రమే. గింజల గిన్నెను రోజూ ఊదాలి. పైన పొట్టు పేరుకుని నిండుగా కనిపిస్తుంది, లోపల ఒక్క గింజ ఉండదు.

పెల్లెట్లు చిన్న సైజువి, రంగు వేయనివి తీసుకోండి. రంగువైతే రెట్ట కూడా ఆ రంగులోకి మారి జబ్బును కనిపెట్టడం కష్టమవుతుంది. మొదట్లో వాటిని మిక్సీలో పొడి చేసి, గింజల మీద నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి, ఆ పొడి అంటించాను. గింజ ఒలుచుకునేటప్పుడు రుచి నాలుక్కు తగులుతుంది. తర్వాత వారానికి పావు వంతు చొప్పున గింజలు తగ్గిస్తూ, పొడి స్థానంలో బరకగా దంచినవి, ఆ తర్వాత పూర్తి పెల్లెట్లు పెట్టాను. తడిపిన తిండిని మన ఎండాకాలంలో రెండు గంటలకు మించి పంజరంలో ఉంచొద్దు. బూజు, బాక్టీరియా పడతాయి.

కొరకడం వేరు, తినడం వేరు. పెల్లెట్లు కొరికి కింద పొడి పోస్తుంటే తింటోందని సంబరపడతాం. నిజం రెట్ట చెబుతుంది. పంజరం అడుగున తెల్ల కాగితం వేయండి. తిన్న పక్షి రెట్టలో చుట్టలా ఉన్న గట్టి భాగం, పక్కన తెల్లటి యూరేట్ (మూత్రంలోని గట్టి భాగం), కాస్త నీరు కనిపిస్తాయి. పెల్లెట్లకు మారాక గట్టి భాగం గోధుమ రంగులోకి వస్తుంది, అది మంచిదే. రెట్టలు తగ్గి, సన్నగా, జిగటగా, నల్లటి ఆకుపచ్చగా మారితే కడుపు ఖాళీ, అది పిత్తం మాత్రమే. వెంటనే గింజలు పెట్టాలి. తెల్లగా ఉండాల్సిన యూరేట్ పసుపు, పచ్చ రంగులోకి తిరిగితే కాలేయం సంగతి, డాక్టరుకు చూపించాలి.

కూరగాయలు పొద్దున్నే, గింజల కన్నా ముందు పెట్టాలి. మనకు దొరికేవాటిలో నా లెక్కన మునగాకుకు సాటి లేదు. విటమిన్ ఎ గా మారే కెరోటిన్, కాల్షియం రెండూ దండిగా ఉంటాయి. కడిగిన రెమ్మను తడిగానే వేలాడదీస్తే అందులో స్నానం చేస్తూ తినేస్తుంది. ఉడికించిన చిలగడదుంప, గుమ్మడి, తురిమిన క్యారెట్, ఎర్ర క్యాప్సికం, పండుమిరప కూడా పెట్టొచ్చు. పక్షులకు మిరప ఘాటు తెలియదు. పాలకూర, తోటకూరలో ఆక్సలేట్లు ఉండి కాల్షియాన్ని పట్టేస్తాయి కాబట్టి రోజూ వద్దు. ఈకలు మారే రోజుల్లో ఉడికిన గుడ్డు అర చెంచా, వారానికి రెండుసార్లు పెట్టాను, ఈకకు కావాల్సిన ప్రొటీన్ కోసం. అవకాడో, చాక్లెట్, ఉల్లి, కాఫీ, టీ, ఉప్పు వేసినవి వద్దు. బూజు పట్టిన వేరుశెనగలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, అది నేరుగా కాలేయాన్నే దెబ్బతీస్తుంది.

చుక్కల మాట ఇప్పుడు చెప్పాలి. పెల్లెట్లలో విటమిన్లు ముందే కలిపి ఉంటాయి. వాటి మీద మళ్లీ చుక్కలు వేస్తే విటమిన్ ఎ, డి3 ఎక్కువై విషమవుతాయి. నీళ్లలో వేసినవి వెలుతురుకు పాడవుతాయి, ఎంత తాగిందో లెక్క తెలియదు, గిన్నె జిగటగా మారి క్రిములు పెరుగుతాయి. కాల్షియానికి కటిల్‌బోన్ (కటిల్‌ఫిష్ అనే సముద్ర జీవి లోపలి పెంకు) చాలు, మూలికల దుకాణంలో సముద్రపు నురుగు అని అడిగినా ఇస్తారు. అది ఒంటబట్టాలంటే డి3 ఉండాలి. అది పెల్లెట్లలో ఉంటుంది, ఎండ నేరుగా తగిలితే ఒంట్లోనూ తయారవుతుంది. కిటికీ అద్దం డి3 తయారీకి కావాల్సిన యూవీ-బి కిరణాలను ఆపేస్తుంది కాబట్టి అద్దం వెనక కూర్చోబెడితే లాభం లేదు. పంజరంలో సగం నీడ తప్పకుండా ఉండాలి.

పెల్లెట్ల నిల్వ దగ్గర కోస్తా వాళ్లు మరీ జాగ్రత్త పడాలి. గాలి తేమకు తొందరగా బూజు పడతాయి. సీలు ఉన్న ప్యాకెట్ తేదీ చూసి కొని, గాలి చొరని డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. విడిగా తూచి అమ్మేవి కొనకండి, ఎప్పుడు తెరిచారో తెలియదు, పాతబడితే విటమిన్ ఎ తగ్గిపోతుంది.

ఇదంతా ఇంట్లో పెంచడానికి చట్టం ఒప్పుకునే విదేశీ జాతుల గురించి. మన రామచిలుకను 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పంజరంలో పెట్టకూడదు. గ్రీన్ చీక్‌లాంటి సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితా పక్షులను 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి.

మార్పు మొదట ఈకలో కనిపించదు. రెట్ట, చురుకుదనం ముందు బాగుపడతాయి. తర్వాత మెడ మీద తొడుగులో ఉన్న కొత్త ఈకలు మొలుస్తాయి. వాటిని పీకొద్దు, మొలిచే ఈకలో రక్తం ఉంటుంది. తొడుగు రాలి విచ్చుకున్న ఈక అంచు దాకా పచ్చగా ఉందా లేదా అన్నదే అసలు పరీక్ష. మా పక్షికి మెడ, రొమ్ము మీద ముందు శుభ్రమైన పచ్చ వచ్చింది. రెక్కల్లోని పెద్ద ఈకలు వరసగా మారతాయి కాబట్టి చివరి నలుపు పోవడానికి ఏడాది పైనే పట్టొచ్చు. కొత్తగా వచ్చిన ఈక కూడా నల్లగానే వస్తే తిండిని మళ్లీ మార్చుతూ కూర్చోకుండా రక్తపరీక్ష మళ్లీ చేయించాలి. వెళ్లేటప్పుడు బరువుల పట్టీ, ఒకే వెలుతురులో నెలనెలా తీసిన ఫొటోలు, పెల్లెట్ల ప్యాకెట్, రాలిన ఈకలను తేదీ రాసిన కాగితపు కవర్లలో పెట్టి తీసుకెళ్లండి. ప్లాస్టిక్ కవర్లో చెమ్మ చేరి ఈక పాడవుతుంది.