పెనాంగ్ కొండ: ఎక్కడం నడిచి, దిగడం రైల్లో

మలేషియాలోని పెనాంగ్ దీవిలో కొండ మీదికి వెళ్లే పెనాంగ్ హిల్ రైలుకి రానూపోనూ టికెట్టు మలేషియా వాళ్లకైతే 12 రింగిట్లు, బయటివాళ్లకు 30. నేను వెళ్లినప్పటి ధరలివి. క్యూ తప్పించుకోవాలంటే 80 రింగిట్ల ఫాస్ట్ లేన్ టికెట్టు ఒకటుంది. రింగిట్‌ అప్పుడు ఇరవై రూపాయలకు అటూ ఇటూగా ఉండేది, లెక్క మీరే వేసుకోండి. తాజ్‌మహల్ దగ్గర మనమూ బయటివాళ్లకు ఎక్కువ ధరే పెడతాం కాబట్టి నోరెత్తడానికి లేదు. కానీ రెండు కిలోమీటర్ల పట్టాల మీద పది నిమిషాల ప్రయాణానికి అంత పెట్టబుద్ధి కాదు, పైగా ఎక్కడానికి పైసా ఖర్చు లేని అడవి దారులు ఉండగా.

అందరూ ముందు చెప్పేది జీప్ ట్రాక్. బొటానిక్ గార్డెన్స్ గేటు పక్కన మొదలై పై స్టేషన్ దాకా 5.1 కిలోమీటర్లు, పొడవునా రోడ్డే. "రోడ్డే కదా, షికారుగా ఎక్కేయొచ్చు" అంటారు. నమ్మకండి. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు, దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. ఇక్కడ ఎక్కే ఎత్తు ఇంచుమించు అంతే, దూరం మాత్రం సగానికి కాస్త పైన. పైగా మెట్లుండవు. మెట్టు మీదైతే పాదం సమంగా ఆనుతుంది, రెండు మెట్లకోసారి పిక్కకు ఊపిరాడుతుంది. ఏటవాలు సిమెంటు మీద మడమ ఎప్పుడూ కిందికే జారుతూ ఉంటుంది, పిక్క నరం సాగే ఉంటుంది. మొదటి అరగంటలోనే పట్టేసేది అందుకే.

దీనికి రెండు ఉపాయాలున్నాయి. మలుపుల దగ్గర లోపలి అంచు పట్టుకుని నడవకండి, దూరం తగ్గిందనిపిస్తుంది గానీ వాలు అక్కడే ఎక్కువ. బయటి అంచున నాలుగడుగులు అదనంగా వేసినా కాలికి సుఖం. నిటారు చోట్ల తిన్నగా కాక అటోసారి ఇటోసారి అడ్డంగా ఎక్కండి. జీపు చప్పుడు వినిపిస్తే మాత్రం వెంటనే కొండ వైపుకి తప్పుకోవాలి. ఎండ తగలని మూలల్లో పాచి ఉంటుంది, అరిగిన అడుగుల బూట్లతో దాని మీద కాలేస్తే అంతే.

నా ఓటు మూన్ గేట్ దారికి. గార్డెన్స్ గేటుకి కాస్త ముందే, రోడ్డు పక్కన గుండ్రటి కంత ఉన్న తెల్లటి పాత ద్వారం కనిపిస్తుంది. దాంట్లోంచి దూరితే అడవే. మట్టి మెట్లు, వేర్లు, బండలు. పాదానికి ప్రతిసారీ వేరే కోణం దొరుకుతుంది కాబట్టి ఎత్తుగా ఉన్నా కాలు అలసిపోదు, నీడ సరేసరి. చీలికలు చాలా ఉంటాయి, బాగా అరిగిన బాటే పట్టుకోవాలి, నంబర్లు వేసిన స్టేషన్ల (దారిలో ఆగే చోట్ల) బోర్డులు చూసుకుంటూ పోవాలి. పేము తీగ చొక్కాకి తగులుకుంటే లాగకండి, దాని ముళ్లు వంకీ తిరిగి ఉంటాయి. ఒకడుగు వెనక్కి వేస్తే అదే వదులుతుంది. వాన పడ్డ మర్నాడు ఈ దారి వద్దు. 2017 నవంబరు వానలకు ఈ కొండ చాలాచోట్ల విరిగిపడింది, మట్టి సంగతి అక్కడివాళ్లకు బాగా తెలుసు.

ఈ బాట జీప్ ట్రాక్‌లో కలిసే చోటు పేరు 84. కొండెక్కేవాళ్లంతా ఆ అంకెతోనే పిలుస్తారు. ఇంత ఎత్తున వేడి వేడి టీ, అదీ ఊరికే! ఎవరూ అమ్మరు. రోజూ నడిచేవాళ్లే సరుకులు మోసుకొచ్చి కాచి పెడతారు. ఎక్కువమంది అరవై దాటిన చైనీయులు, మన పక్కనుంచి ఆయాసం లేకుండా దాటిపోయేవాళ్లు వాళ్లే. పద్ధతి సులువు: కప్పు తీసుకో, తాగు, కడిగి బోర్లించు, డబ్బాలో తోచినంత వెయ్యి. ఏమీ వేయకపోయినా ఎవరూ అడగరు. కప్పు కడగకుండా పెట్టేస్తే మాత్రం చూపులు పడతాయి. కింద రైలు టికెట్టుకి రెండు ధరలు, ఇక్కడ టీకి అసలు ధరే లేదు. ఆ డబ్బాలో నేను ఐదు రింగిట్లు వేసింది టీ కోసం కాదు, ఆ తేడా కోసం. 84 చేరాక పనైపోయిందనుకోకండి, ఇంకా చాలా ఎక్కాలి.

మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఒక ఓఆర్ఎస్ పొట్లం. గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. దాహం లేకపోయినా పావుగంటకోసారి గుక్కెడు తాగాలి. మొత్తం ఎక్కడానికి మామూలు నడకకు రెండున్నర, మూడు గంటలు. తెల్లవారుజామునే బయల్దేరదామనుకుంటారు గానీ అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు, ఏడు ప్రాంతానికి గాని సరిగ్గా వెలుగు రాదు. ఏడున్నరకి మొదలెట్టడం మంచిది. మధ్యాహ్నమైతే వాన, లేకపోతే మబ్బు.

కోతుల్లో రెండు రకాలు. పొడుగు తోక మకాక్‌లు మన ఊరి కోతుల్లాంటివే, ప్లాస్టిక్ కవర్ గలగల వింటే వచ్చేస్తాయి, తిండి బ్యాగు లోపలే ఉండాలి. కళ్ల చుట్టూ తెల్లని వలయాలున్న నల్లవి లంగూర్లు, చెట్టు దిగడం తక్కువ, జోలికి రావు. గుంపులో నారింజ రంగు ముద్ద ఒకటి కనిపిస్తే అది పిల్ల.

పైన కిందికన్నా నాలుగైదు డిగ్రీలు చల్లన. కింద జార్జ్ టౌన్ నగరం, కొమ్‌తార్ టవరు, జలసంధి, అవతలి ఒడ్డున బటర్‌వర్త్, 1985లో తెరిచిన పెనాంగ్ వంతెన అన్నీ ఒక్క చూపులో ఉంటాయి. మురుగన్ గుడి, మసీదు కొద్ది దూరంలోనే. తిండి ధరలు కొండ ధరలే, చూసి ఆర్డరివ్వండి.

దిగడానికి మాత్రం డబ్బులు పెట్టండి, ఒకవైపు టికెట్టు చాలు. ఆ వాలు సిమెంటు మీద దిగితే బరువంతా మోకాళ్ల మీదే పడుతుంది, మర్నాడు మెట్లు దిగలేరు. 1924 నాటి రైలు మార్గమే, మధ్యలో బండి మారే పాత పద్ధతి 2011 నుంచి లేదు. కింది వైపు అద్దం దగ్గర నిలబడితే సొరంగంలోకి తల ముందుకి పడేలా దూకే చోటు కనిపిస్తుంది. శని, ఆదివారాల మధ్యాహ్నాలు కిందికి వచ్చేవాళ్ల క్యూ పెద్దది, పదకొండులోపే దిగేయండి. స్టేషన్ బయట 204 నంబరు బస్సు ఊళ్లోకి వస్తుంది. చిల్లర ముందే పెట్టుకోండి, డ్రైవరు మిగతాది తిరిగివ్వడు.