అంచు మీద అక్షరాలు: పది నెలల మెడల్ లాగ్

జనవరి

బ్రిటిష్ ఇండియన్ ఆర్మీ సైనికులకు ఇచ్చిన పాత మెడల్స్ మూడు నా చేతికొచ్చాయి. లాగ్ అక్కడి నుంచి మొదలు.

ఏ మెడలో గుర్తుపట్టడం పెద్ద పని కాదు. ఒకవైపు అయిదో జార్జి తల, రెండోవైపు గుర్రం మీద బట్టల్లేకుండా కూర్చున్న సెయింట్ జార్జి ఉంటే అది మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ వార్ మెడల్. రెక్కల దేవత ఉంటే విక్టరీ మెడల్. రెండూ 36 మిల్లీమీటర్ల బిళ్ళలే. ఇవి లక్షల్లో తయారయ్యాయి కాబట్టి బొమ్మ చూస్తే తెలిసేది ఇంతే. ఎవరికి ఇచ్చారన్నది అంచు మీద ఉంటుంది: సర్వీసు నంబరు, హోదా, పేరు, పటాలం. నేను మొదటి రెండు వారాలు బొమ్మలకే ఫొటోలు తీస్తూ కూర్చున్నాను. దండగ.

ఫిబ్రవరి

అంచు చదవడానికి లైటు పైనుంచి వేస్తే ఏమీ కనబడదు. గది చీకటి చేసి, చిన్న టార్చిని అంచుకి దాదాపు సమాంతరంగా పెట్టి, మెడల్‌ని నెమ్మదిగా తిప్పాలి. అక్షరాల గుంటల్లో నీడ పడుతుంది. 10ఎక్స్ లూప్ (పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం) చాలు, అంతకంటే పెద్దదైతే ఒక్కో అక్షరమే కనబడి మాట అర్థం కాదు. బాగా అరిగిన వాటికి పల్చటి కాగితాన్ని అంచు చుట్టూ బిగించి, మెత్తటి పెన్సిల్‌ని అడ్డంగా పెట్టి రుద్దుతున్నాను. కంటికి దొరకని అంకెలు కాగితం మీద తేలాయి.

హోదాలన్నీ ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఉన్నా మాటలు మనకి తెలిసినవే. సిపాయి అంటే పదాతి దళం, సవార్ అంటే గుర్రపు దళం. హవల్దార్‌కి గుర్రపు దళంలో సాటి దఫేదార్. భిస్తీ నీళ్ళు మోసేవాడు, ద్రాబీ కంచరగాడిదలు తోలేవాడు. వాళ్ళకీ మెడల్స్ ఇచ్చారు. నాకైతే సుబేదార్ మెడల్ కంటే భిస్తీ మెడల్ దొరికితేనే ఎక్కువ సంబరం.

పటాలం పేర్లతోనే తంటా. 1922లో పటాలాలన్నిటినీ కలిపి కొత్త నంబర్లు ఇచ్చారు. అంతకుముందు 98వ ఇన్‌ఫాంట్రీ అయినది ఆ తర్వాత 19వ హైదరాబాద్ రెజిమెంటులో నాలుగో బెటాలియన్. ఆ హైదరాబాద్ రెజిమెంటే 1945లో కుమావూన్ రెజిమెంటు అయింది. ఒకే పటాలానికి మూడు పేర్లన్నమాట. ఈ పాత, కొత్త పేర్ల పట్టిక ఒకటి రాసి గోడకి అంటించాను. ఈ ఏడాది నేను చేసిన పనుల్లో బాగా అక్కరకొచ్చింది అదే.

ఏప్రిల్

దెబ్బ తిన్నాను. అంచు మీద మద్రాస్ సాపర్స్ (సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే దళం) పేరున్న వార్ మెడల్ అనగానే ఆగలేకపోయాను. ఇంటికి తెచ్చాక వెర్నియర్ కాలిపర్‌తో అడ్డుకొలత తీస్తే పేరు లేని చోట 36.1 మిల్లీమీటర్లు, పేరున్న చోట 35.6. అసలు పేరుని ఆకురాయితో అరగదీసి, దాని మీద కొత్త పేరు కొట్టారు. లూప్‌లో చూస్తే అక్షరాల అడుగున సన్నటి ఆకురాయి గీతలు కూడా ఉన్నాయి. కొనేముందు రెండు నిమిషాలు పెట్టి ఉంటే తెలిసేది.

అమ్మినాయనకి తెలుసో లేదో నేను చెప్పలేను. పేరు మార్చిన ప్రతి మెడలూ మోసం కాదు. తన మెడల్ పోగొట్టుకున్న సైనికుడు ఇంకొకరిది సంపాదించి తన పేరు వేయించుకోవడం కూడా ఉంది. అయినా దాన్ని వేరే డబ్బాలో పెట్టాను, 'అంచు దిద్దినది' అని చీటీ రాసి.

అప్పటి నుంచి ప్రతి మెడల్‌నీ ఆరు చోట్ల కొలుస్తున్నాను. లూప్‌లో కళ్ళు పొడుచుకోవడం కన్నా కాలిపర్ నయం.

ఒక జాగ్రత్త. అచ్చు కొట్టిన అక్షరాలే అసలు, చెక్కినవన్నీ నకిలీ అనుకోకూడదు. పాత ఇండియా జనరల్ సర్వీస్ మెడల్స్ మీద గొలుసు రాతలో చెక్కిన పేర్లు చాలానే ఉంటాయి, అవి అప్పట్లోనే అధికారికంగా వేసినవి. ఆ మెడల్ కాలానికి, ఆ పటాలానికి ఏ పద్ధతి వాడారన్నది చూడాలి.

జూన్

వార్ మెడల్ వెండిది, స్టెర్లింగ్ (నూటికి 92.5 పాళ్ళు వెండి). నకిలీలు తెల్లటి మిశ్రమ లోహంతో పోస్తారు. గీసి చూడటం పాపం. నేను చేసేది సాంద్రత పరీక్ష. 0.01 గ్రాము వరకు చూపే త్రాసు మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేయాలి. మెడల్‌ని సన్నటి దారంతో గ్లాసు అడుగుకి, గోడలకి తగలకుండా పూర్తిగా ముంచాలి. అప్పుడు త్రాసు చూపే గ్రాములే మెడల్ ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. నాది పొడిగా 31.4 గ్రాములు, ముంచినప్పుడు 3.04. భాగిస్తే 10.33. స్టెర్లింగ్ వెండికి 10.36 రావాలి కాబట్టి సరిపోయింది. గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, బ్రష్షుతో తోసేయాలి. పాత రిబ్బన్ కుట్టి ఉంటే మాత్రం ఈ పరీక్ష మానేస్తాను. కుట్టు విప్పేంత అవసరం ఏ పరీక్షకీ లేదు.

ఇదే నెలలో ఎర్రగా, కంచులా ఉన్న వార్ మెడల్ ఒకటి కనబడింది. నకిలీ అని పక్కన పడేయబోయాను. అంచు చూస్తే లేబర్ కోర్. చైనా, మాల్టా, ఇండియా కూలీ దళాలకి ఇదే మెడల్‌ని వెండిలో కాకుండా కంచులో ఇచ్చారు. అదే యుద్ధం, అదే బొమ్మ, లోహం మాత్రం తక్కువ రకం. దాన్ని వదలలేదు.

ఆగస్టు

వానలకి రెండు మెడల్స్ మీద పచ్చటి జిగురు పేరుకుంది. తప్పు నాదే, పీవీసీ కవర్లలో పెట్టాను. ఆ ప్లాస్టిక్ మెత్తదనం కోసం కలిపిన పదార్థం మెల్లగా బయటికొచ్చి లోహాన్ని తింటుంది. ఎసిటోన్‌లో ముంచిన దూదితో అద్ది తీశాను, రిబ్బన్‌కి తగలకుండా. ఇప్పుడు అన్నీ ఆమ్లం లేని కాగితంలో చుట్టి, పాలిథిన్ సంచుల్లో, సిలికా జెల్‌తో పాటు. పాలిష్ మాత్రం ఎప్పటికీ పెట్టను. నల్లబడిన వెండి నల్లగానే ఉండనీ. రుద్దిన ప్రతిసారీ అంచు అక్షరాలు కొంచెం కొంచెం పోతాయి.

రిబ్బన్ల మీద నల్ల లైటు, అంటే యూవీ టార్చి, వేసి చూశాను. ఒకటి తెల్లగా మెరిసింది. కొత్త దారమయినా కావాలి, లేదా పాత రిబ్బన్‌నే ఎవరో ఈ కాలపు సబ్బు పొడిలో ఉతికైనా ఉండాలి. అందుకని ఈ పరీక్ష ఒక్కదాన్నే నమ్మను. విక్టరీ మెడల్ రిబ్బన్ వెడల్పు 39 మిల్లీమీటర్లు, వార్ మెడల్‌ది 32. విక్టరీకి 32 వేలాడుతుంటే అది తర్వాత మార్చిందే.

విదేశం నుంచి ఒకాయన నా మెడల్స్‌లో ఒకదానికి మార్పిడి అడిగారు. వద్దన్నాను. వందేళ్ళు దాటిన చారిత్రక వస్తువుల్ని దేశం దాటించడానికి 1972 నాటి పురావస్తువుల చట్టం ఒప్పుకోదు. మొదటి యుద్ధం మెడల్స్ ఇప్పుడా వయసుకి వచ్చేశాయి.

అక్టోబరు

మూడు మెడల్స్ జట్టు ఒకటి, '1914 స్టార్ జట్టు' అన్న చీటీతో వచ్చింది. స్టార్ అంటే నక్షత్రం ఆకారపు మెడల్. దానికి పేరు వెనకవైపు కొడతారు. అక్కడ 98వ ఇన్‌ఫాంట్రీ అని ఉంది. వెంటనే అనుమానం వచ్చింది. 1914 స్టార్ ఇచ్చింది 1914 ఆగస్టు 5 నుంచి నవంబరు 22 అర్ధరాత్రి లోపు ఫ్రాన్స్, బెల్జియంలలో పనిచేసిన వాళ్ళకి మాత్రమే. 20వ డెక్కన్ హార్స్ అయితే నమ్మేవాణ్ణి, వాళ్ళు ఆ అక్టోబరులోనే ఫ్రాన్స్ చేరారు. 98వ పటాలం ఆ నవంబరు మొదటి వారంలో తూర్పు ఆఫ్రికాలో, టాంగా దగ్గర దెబ్బలు తింటోంది.

ముందువైపు మళ్ళీ చూశాను. నడుమ పట్టీ మీద 1914-15 అనే ఉంది. మెడల్ సరైనదే, చీటీయే తప్పు. మూడింటి మీదా నంబరు ఒకటే, రెండు గుండ్రటి మెడల్సూ ఆరు చోట్లా 36 దగ్గరే. సిపాయి. పేరులో చివరి రెండు అక్షరాలు అరిగిపోయాయి, పెన్సిల్ రుద్దుడుకీ లొంగలేదు.

కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో 98వ ఇన్‌ఫాంట్రీ మృతులందర్నీ ఒక్కొక్కరినే చూశాను. రెండు రాత్రులు పట్టింది. ఆ నంబరు లేదు. యుద్ధం నుంచి ప్రాణాలతో బయటపడ్డట్టే.