మియాకే మడతలు: తొమ్మిదో వారం నాటికి నా పని

ప్యారిస్ ర్యాంప్ షోల పాత వీడియోలను వారానికొకటి చొప్పున చూసి, తోచినది నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టి తొమ్మిది వారాలైంది. మొదటి నాలుగు వారాలు రకరకాల డిజైనర్ల కలెక్షన్లు చూశాను గానీ, అయిదో వారం నుంచి జపాన్ డిజైనర్ ఇస్సే మియాకే దగ్గరే ఆగిపోయాను. మొదటిసారి శబ్దం లేకుండా చూస్తాను, ఎందుకంటే సంగీతం వినిపిస్తే బట్ట మీద దృష్టి నిలవదు. రెండోసారి వేగం బాగా తగ్గించి, మోకాళ్ల దగ్గర బట్ట ఎటు కదులుతోందో గమనిస్తాను. మూడోసారి ఆపి ఆపి, ఒక్కో దుస్తుకు రెండు నిమిషాలకు మించకుండా పెన్సిలుతో బొమ్మ గీస్తాను.

1994 వసంత-వేసవి కలెక్షన్‌లోని ఫ్లయింగ్ సాసర్ గౌను దగ్గర ఆ రెండు నిమిషాల నియమం నిలవలేదు. కాగితపు లాంతర్లను ఒకదానిపై ఒకటి పేర్చినట్టుండే ఆ రంగురంగుల గుండ్రని మడతలు అడుగు పడినప్పుడల్లా సాగి, మళ్లీ కుదురుకుంటాయి. ఒంటి మీది నుంచి తీసి నేల మీద పెడితే గౌను మొత్తం పళ్లెంలా అణిగిపోతుంది. అంతకుముందు చూసిన షోలలో మోడల్ ఆగి నిలబడిన క్షణాన్నే బొమ్మగా గీసిన నేను, ఈ గౌనుకు మాత్రం నడకలోని నాలుగు దశలను పక్కపక్కన గీయవలసివచ్చింది.

చీర కుచ్చిళ్లైనా, పరికిణీ కుచ్చులైనా మనం ముందు బట్టను మడిచి, ఆ తర్వాతే దోపుతాం లేదా కుడతాం. 1988 నుంచి సాగించిన ప్రయోగాలలో మియాకే ఈ వరసను తిరగేశారు. కావలసినదానికన్నా రెండున్నర నుంచి మూడు రెట్లు పెద్దగా దుస్తును కుట్టేసి, రెండు కాగితాల మధ్య పెట్టి, వేడి యంత్రంలో నొక్కి మడతలు వేయించారు. 20వ శతాబ్దం ఆరంభంలో వెనిస్‌లో డిజైనర్ మరియానో ఫోర్టునీ పట్టుతో చేసిన డెల్ఫోస్ గౌన్ల మడతలు తడిస్తే పోయేవి కనుక వాటిని మెలిపెట్టి గుండ్రని పెట్టెల్లో దాచేవారు. మియాకే పాలిస్టర్‌ను ఎంచుకున్నందువల్ల, 1993లో వచ్చిన ఆయన ప్లీట్స్ ప్లీజ్ శ్రేణి దుస్తులను ఉతికి ఆరేస్తే చాలు, ఇస్త్రీ అక్కర్లేదు. ఇది చదివాక చూడడంతో సరిపెట్టుకోలేకపోయాను.

ఆరో వారంలో నూలు గుడ్డతో ప్రయత్నించాను. ఒక్కసారి తడవగానే మడతలు పోయాయి. ఏడో వారంలో 90 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పాలిస్టర్ ముక్క తీసుకున్నాను. రెండు దళసరి ఖాకీ కాగితాల మీద, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో సెంటీమీటరుకొక గీత నొక్కి, రెంటినీ కలిపి విసనకర్రలా మడిచి, విప్పి, మధ్యలో గుడ్డ పరిచి మళ్లీ మడిచి దారంతో కట్టాను. నీటిచుక్కలు పడకుండా తువ్వాలు చుట్టి, ఇడ్లీ పాత్రలో 40 నిమిషాలు ఆవిరి పట్టించాను. తొందరపడి వేడిగా ఉండగానే విప్పినందున మడతలు సగానికి సగం జారిపోయాయి. ఎనిమిదో వారంలో అదే కొలతతో చేసి, రాత్రంతా చల్లారనిచ్చి పొద్దున విప్పితే ముక్క పొడవు 34 సెంటీమీటర్ల దగ్గర కుదురుకుంది. చన్నీళ్లలో మూడుసార్లు ఉతికినా మడత నిలిచింది.

ఈ వారం అక్క కూతురికి చేతుల్లేని గౌను కుట్టాను. మడతలు పడ్డాక వెడల్పు 30 సెంటీమీటర్లు రావాలి కనుక 75 సెంటీమీటర్లు కత్తిరించాను. నిలువు మడతలు వెడల్పునే తగ్గిస్తాయి కాబట్టి మెడను కూడా అడ్డంగా రెండున్నర రెట్లు పెంచి, లోతును మామూలుగానే ఉంచాను. దారం కూడా పాలిస్టర్‌దే వాడాను. అసలు కష్టమంతా భుజాల కుట్టు దగ్గర వచ్చింది: అక్కడ బట్ట రెండింతల మందం కావడంతో మడత పక్కకు జరిగింది. కుట్టు బయటి బట్టను అర సెంటీమీటరుకు కత్తిరించి, విడదీసి, ఇస్త్రీ చేశాక దారికొచ్చింది. ఇడ్లీ పాత్ర చాలక వెడల్పాటి గుండిగలో ఆవిరి పట్టించాను.

పొద్దున విప్పి పాపకు తొడిగితే, భుజాల చివరలు వాటంతటవే చిన్న శిఖరాల్లా పైకి లేచి నిలబడ్డాయి. అయిదో వారంలో మియాకే దుస్తుల బొమ్మ గీస్తూ ఇలాంటి భుజాల పక్కనే ‘లోపల మెత్త పెట్టి ఉంటారు’ అని రాసుకున్నాను. ఆ వాక్యాన్ని ఈ రోజు కొట్టేశాను.